అమెరికాలో ప్రైవేటు భూమిలో వేటకు అనుమతి అడగడం ఎలా

అమెరికాలో వేట లైసెన్సు సంపాదించడం పెద్ద పని కాదు. ఆ లైసెన్సు పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలన్నదే సమస్య. నెవాడాలో దాదాపు ఐదింట నాలుగు వంతుల నేల ఫెడరల్ ప్రభుత్వానిది, అక్కడ చోటుకు కరువు లేదు. మనవాళ్ళు బాగా స్థిరపడ్డ టెక్సాస్‌లో మాత్రం నూటికి 95 వంతుల దాకా ప్రైవేటు భూమే. మిగిలిన కాస్త పబ్లిక్ భూమి సీజన్ మొదలైన వారం కిటకిటలాడిపోతుంది. అందుకని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒక రైతు తలుపు తట్టక తప్పదు.

తట్టే ముందు ఇక్కడి పద్ధతి ఒకటి అర్థం చేసుకోవాలి. అడవి జంతువు ఏ ఒక్కరి సొత్తూ కాదు. ప్రజల తరఫున రాష్ట్రం దాని బాగోగులు చూస్తుంది, అందుకే లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. జింక నిలబడ్డ నేల మాత్రం రైతుది. లైసెన్సుతో మీకు వచ్చేది జింకను వేటాడే హక్కు ఒక్కటే, ఆ నేల మీద అడుగుపెట్టే హక్కు అందులో లేదు. దాన్ని ఇవ్వగలిగింది భూమి యజమాని మాత్రమే, ఇవ్వాల్సిన అవసరం ఆయనకు ఏమాత్రం లేదు. (ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. ఇక్కడ రాసేదంతా అమెరికా సంగతే.)

ముందు మీ కాగితాలు

అడగడానికి వెళ్ళేసరికి మీ వైపు అన్నీ సక్రమంగా ఉండాలి. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి సర్టిఫికెట్టు తీసుకోండి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్ళకు ఇది తప్పనిసరి. ఒక రాష్ట్రంలో తీసుకున్న సర్టిఫికెట్టు మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. మీ రాష్ట్రంలో తప్పనిసరి కాకపోయినా చెయ్యమనే నా సలహా. తుపాకీ పట్టుకున్న కొత్త మనిషికి రైతు అనుమతి ఇవ్వాలంటే, ఆ మనిషికి తుపాకీ పట్టుకోవడం తెలుసన్న భరోసా కావాలి కదా. ఆ కార్డు చూపించగలిగితే మాట సగం తేలికవుతుంది.

వీసా మీద ఉన్నవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. దీనికి చట్టంలోనే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో మనకు పనికొచ్చేది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం. లైసెన్సు గడువు దాటిన మర్నాడు ఆ మినహాయింపు కూడా పోతుంది. స్నేహితుడి తుపాకీని కాసేపు చేతిలోకి తీసుకున్నా లెక్కలోకి వస్తుంది. భార్యాభర్తలిద్దరూ వేటకు వెళ్తుంటే ఎవరి లైసెన్సు వాళ్ళకు ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం వర్తించదు. రాష్ట్రాల సొంత నిబంధనలు వేరే ఉంటాయి కాబట్టి తుపాకీ కొనే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడండి. ఇదంతా తలనొప్పి అనిపిస్తే విల్లు, బాణాలతో మొదలుపెట్టండి. ఫెడరల్ చట్టం దృష్టిలో విల్లు తుపాకీ కిందికి రాదు. పైగా అనుమతి దొరకడానికి కూడా విల్లే మేలు, ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. టెక్సాస్‌లో 2019 నుంచి, యజమాని ఒప్పుకుంటే ప్రైవేటు భూమిలో అడవిపందుల వేటకు లైసెన్సు అక్కర్లేదు. ఇది విని చాలామంది లైసెన్సు మానేస్తారు. వీసా మీద ఉండి తుపాకీ పట్టేవాళ్ళకు మాత్రం ఆ లైసెన్సే ఫెడరల్ చట్టం నుంచి కాపు కాస్తుంది. పందులకు అక్కర్లేకపోయినా మీకు కావాలి.

అనుమతి లేకుండా వెళ్తే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. టెక్సాస్‌లో యజమాని అనుమతి లేకుండా వాళ్ళ భూమిలో వైట్‌టెయిల్ జింకను చంపితే అది ఫెలనీ స్థాయి నేరం, అంటే తీవ్ర నేరాల కోవలోకి వస్తుంది. చిన్న కేసైనా సరే, అరెస్టు అయితే వీసా ఫారాల్లోనూ గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ ఆ సంగతి చెప్పాల్సి వస్తుంది. ఒక పొద్దుటి వేట కోసం అంత తెచ్చుకోకండి.

చోటు వెతకడం

ఇంటికి గంట, గంటన్నర దూరంలో ఉన్న పల్లెటూళ్ళను ఎంచుకోండి. అంతకంటే దూరమైతే మీరు తరచుగా వెళ్ళలేరు. తరచుగా కనిపించని మనిషిని రైతు గుర్తు పెట్టుకోడు.

పొద్దున్నే, సాయంత్రం మసక చీకటి వేళ ఆ రోడ్ల మీద కారులో తిరగండి. సోయాబీన్ చేలలో, గోధుమ చేలలో జింకలు ఎక్కడ మేస్తున్నాయో చూడండి. పచ్చిక బయళ్ళు దున్నినట్టు తిరగేసి ఉంటే అది పందుల పని. చలికాలం గోధుమ మొలకల మీద బాతులు గుంపులుగా వాలుతుంటే అదీ రాసుకోండి. పంటకు ఎక్కడ నష్టం జరుగుతోందో అక్కడ రైతుకు మీ అవసరం ఉంది. ఆ ప్రాంతపు గేమ్ వార్డెన్‌కో (వేట చట్టాల అమలు చూసే అధికారి), రాష్ట్ర వన్యప్రాణి శాఖ బయాలజిస్టుకో ఫోన్ చేసి, జింకల వల్ల పంట పోతోందని ఏ వైపు రైతులు గోల పెడుతున్నారో అడగండి. ఇలా అడగొచ్చని చాలామందికి తెలియదు. వాళ్ళు పేర్లు చెప్పకపోయినా ఏ రోడ్డు వైపు చూడాలో చెబుతారు.

భూమి ఎవరిదో కనుక్కోవడం తేలికే. ఆన్‌ఎక్స్, హంట్‌స్టాండ్ లాంటి ఫోన్ యాప్‌లలో మ్యాపు మీద హద్దులూ యజమాని పేరూ కనిపిస్తాయి. కౌంటీ ఆస్తి పన్ను రికార్డులు కూడా పబ్లిక్‌వే, చాలా కౌంటీల్లో ఇంటర్నెట్‌లోనే దొరుకుతాయి. పన్ను నోటీసు ఏ అడ్రసుకు వెళ్తుందో కూడా అందులో ఉంటుంది, అది ముఖ్యం. భూమి ఒక ఊళ్ళో ఉండి నోటీసు వేరే పట్నానికి వెళ్తుంటే, యజమాని అక్కడ ఉండరని అర్థం. అప్పుడు తలుపు తట్టడం దండగ, ఉత్తరం రాయాలి. యజమాని పేరుకు బదులు ట్రస్టో ఎల్‌ఎల్‌సీనో ఉంటే పక్క రైతును అడగడమే దగ్గరి దారి.

దున్నుతున్న మనిషే యజమాని అనుకోవద్దు. ఇక్కడ కౌలు సేద్యం బాగా ఎక్కువ. కౌలు రైతుకు పంట మీద హక్కు ఉన్నంత మాత్రాన వేటకు అనుమతి ఇచ్చే హక్కు ఉండాలని లేదు. "వేట సంగతి మీరు చెప్పొచ్చా, లేక యజమానిని అడగాలా?" అని సూటిగా అడిగెయ్యండి. యజమాని ఒప్పుకున్నాక కౌలు రైతును కూడా కలవండి. చేలో మొదట మిమ్మల్ని చూసేది ఆయనే.

ఎనిమిది, పది చోట్ల జాబితా రాసుకోండి. 2,000 ఎకరాల రాంచ్‌ల వెంట పడకండి, వాటిని ఎవరో ఒకరు ఎప్పుడో వేట కోసం కౌలుకు తీసుకుని ఉంటారు. 20, 40 ఎకరాల ముక్కలు, వాగు పక్కన సన్నటి చెట్ల వరుస ఉన్నవి, పెద్దవాళ్ళు ఇద్దరే ఉండే పాత పొలాలు, వీటిని ఎవరూ అడగరు. విల్లుతో వేటాడే మనిషికి 20 ఎకరాలు చాలు.

ఎప్పుడు అడగాలి

సీజన్ మొదలయ్యే ముందు వారం అడగడమంత పొరపాటు ఇంకోటి లేదు. ఆ వారంలో మీ ముందు నలుగురు అడిగి ఉంటారు, రైతు విసిగిపోయి ఉంటాడు. డీర్ సీజన్ జనవరిలో అయిపోయాక ఫిబ్రవరి నుంచి మొదలుపెట్టి ఎండాకాలం దాకా అడగండి. నాట్లు, కోతలు జరిగే రోజులు వదిలెయ్యండి. మొక్కజొన్న ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలలు విత్తడంతో, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కోతలతో ఊపిరి సలపదు. ఆవుల మంద ఉన్న చోట దూడలు పుట్టే కాలం చాలా వరకు వసంతమే, అప్పుడు వాళ్ళకు రాత్రి నిద్ర కూడా ఉండదు. కోత మిషను నడుపుతున్న మనిషిని చెయ్యూపి ఆపకండి. వాన కురిసి పని ఆగిన మర్నాడు వెళ్తే కాసేపు కూర్చుని మాట్లాడే ఓపిక ఉంటుంది.

రోజులో అయితే పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా మంచి సమయం. భోజనాల వేళ, చీకటి పడ్డాక, ఆదివారం చర్చి సమయంలో వెళ్ళకండి.

ఆయన మనసులో ఏముంటుంది

నా దృష్టిలో మిగతా మెట్లన్నిటి కంటే ఇది పెద్దది. మనలో చాలామందిమి రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళమే. కోతకొచ్చిన చేనుకు అడ్డంగా ఎవరో తెలియని మనిషి నడిచిపోతే నాన్నకు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. ఆ మనిషి చేతిలో రైఫిల్ కూడా ఉందనుకోండి. రైతు "వద్దు" అన్నప్పుడు ఆ మాట వెనక ఉండేది దాదాపు ఎప్పుడూ ఈ భయాల్లో ఒకటి: ఆవుకు తగులుతుందా, ఇంటి వైపు తూటా వస్తుందా, గేటు తీసి వదిలేస్తే మంద రోడ్డు మీద పడుతుందా, బురదలో ట్రక్కు తోలి దారి పాడు చేస్తాడా, ఒక్కడికి ఒప్పుకుంటే ఆరుగురిని వెంటేసుకొస్తాడా, కాలు విరిగితే కోర్టుకు లాగుతాడా.

వీటిలో ఏదీ జింక గురించి కాదని గమనించండి. మీరు మాత్రం వెళ్ళి జింక గురించే మాట్లాడతారు, అక్కడే బెడిసికొడుతుంది. ఆయన అడగకముందే ఈ భయాలకు మీ మాటల్లో జవాబు ఉండాలి. విల్లుతో వస్తానంటే తూటా భయం పోతుంది. ఒక్కడినే వస్తానంటే గుంపు భయం పోతుంది. బండి రోడ్డు పక్కనే ఆపి నడిచి వెళ్తానంటే బురద సంగతి తేలిపోతుంది.

కోర్టు భయానికి చట్టంలో కొంత జవాబు ఉంది. రిక్రియేషనల్ యూజ్ స్టాట్యూట్ పేరుతో పిలిచే చట్టాలు మొత్తం 50 రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఉన్నాయి. వినోదం కోసం డబ్బు తీసుకోకుండా ఎవరినైనా తన భూమిలోకి రానిచ్చిన యజమానికి, ఆ మనిషికి దెబ్బ తగిలితే బాధ్యత బాగా తగ్గుతుంది. టెక్సాస్‌లో అయితే సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్ 75వ అధ్యాయం. యజమాని కావాలని చేసిన హానికి ఈ రక్షణ ఉండదు. డబ్బు తీసుకుంటే చాలా రాష్ట్రాల్లో లెక్క మారుతుంది. ఆయనకు మీరు చట్టం పాఠం చెప్పనక్కర్లేదు. ఆ ప్రస్తావన వస్తే, మీ రాష్ట్రపు వన్యప్రాణి శాఖ దీని మీద రాసిన పేజీ ప్రింటు తీసి చేతికివ్వండి. "గాయపడితే మీ మీద దావా వెయ్యను" అని సంతకం చేసిన కాగితం ఇస్తానని కూడా చెప్పండి.

వెళ్ళి అడగడం

మామూలు బట్టల్లో వెళ్ళండి. కామో (ఆకుల మచ్చల వేట దుస్తులు) వేసుకోవద్దు, తుపాకీ కారులో కూడా వద్దు. బండి కాస్త కడిగి ఉంటే మంచిది. మిత్రబృందంతో కాకుండా ఒక్కరే వెళ్ళండి, లేదా మీ అబ్బాయినో అమ్మాయినో తీసుకెళ్ళండి. ఎదిగే పిల్లలకు నేర్పిస్తున్నామంటే పల్లెల్లో జనం మెత్తబడతారు. ఇది నటన కోసం చెయ్యకండి, నిజంగా పిల్లలు మీతో వేటకు వస్తుంటేనే.

మన ముఖం, మన యాస వాళ్ళకు కొత్త. చాలా చోట్ల అది ఇబ్బంది కాదు, ఆసక్తి. అయినా తెలియని పల్లె ఇంటి దారిలోకి తిన్నగా బండి పోనిచ్చే ముందు జాగ్రత్త పడటంలో తప్పు లేదు. గేటు మూసి ఉన్నా, లోపలికి రావద్దన్న బోర్డు ఉన్నా లోపలికి వెళ్ళకండి, ఉత్తరమో ఫోనో దారి పట్టండి. చెట్ల మీద, కంచె స్తంభాల మీద ఊదారంగు గీతలు కనిపిస్తే అవి అలంకారం కాదు. టెక్సాస్‌తో పాటు చాలా రాష్ట్రాల్లో ఆ గీతకూ ప్రవేశం లేదన్న బోర్డుకూ తేడా లేదు. టెక్సాస్‌లో గీత నిలువుగా, కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఐడహోలో ఇదే పనికి నారింజ రంగు వాడతారు. బోర్డు లేదంటే అనుమతి ఉన్నట్టే అని కూడా అనుకోవద్దు. నార్త్ డకోటాలో బోర్డు లేని భూమి వేటకు తెరిచినట్టే లెక్క, 2021 నుంచి అక్కడ బోర్డు బదులు ఆన్‌లైన్లో నమోదు చేసినా చెల్లుతుంది. మోంటానాలో బోర్డు ఉన్నా లేకపోయినా ప్రైవేటు భూమిలో వేటకు అనుమతి తీసుకోవాల్సిందే. రాష్ట్రం మారితే నియమం మారుతుంది.

బెల్లు కొట్టి రెండు మూడు అడుగులు వెనక్కి జరిగి, చేతులు కనిపించేలా నిలబడండి. కుక్క మొరిగితే కారు దగ్గరే ఆగండి. ఇంటాయనను "సర్" అనీ, ఇంటావిడను "మ్యామ్" అనీ పిలవండి. దక్షిణాది రాష్ట్రాల్లో ఈ పిలుపుకు చాలా విలువ. పేరు చెప్పేటప్పుడు నెమ్మదిగా చెప్పండి. వాళ్ళకు పలకడం కష్టమైతే చిన్న పేరు ఒకటి చెప్పండి. ఇంగ్లీషులో మీకు వచ్చినట్టు ఈ భావం పలికించండి:

"సర్, నా పేరు ఫలానా. ఫలానా ఊళ్ళో ఉంటాను, సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. మీ సోయాబీన్ చేలో సాయంత్రాలు జింకలు మేయడం రోడ్డు మీంచి చూశాను. ఈ సీజన్లో ఆ చెట్ల వరుసలో విల్లుతో ఆడజింకల వేటకు రానిస్తారేమో అడుగుదామని వచ్చాను. ఒక్కడినే వస్తాను, నడిచే వస్తాను. ఇప్పుడే చెప్పక్కర్లేదండి, ఇంట్లో అనుకుని చెప్పండి. ఇదిగో నా నంబరు."

ఇంతే. అర నిమిషం. తర్వాత ఆయన్ని మాట్లాడనివ్వండి. పంట ఎలా ఉందని అడిగితే పావుగంట చెబుతారు, వినండి. రైతు బిడ్డలైతే మీకూ చెప్పడానికి ఉంటుంది. మీ నాన్న ఏ పంట వేసేవారో చెప్పండి. మీ పేరు, ఫోను, ఊరు, కారు నంబరు, హంటర్ ఎడ్యుకేషన్ నంబరు అచ్చువేసిన చిన్న కార్డు ఇచ్చి రండి. కారు నంబరు ఎందుకంటే, తెల్లవారుజామున రోడ్డు పక్కన ఆగిన బండి ఎవరిదా అని ఆయన కంగారు పడనక్కర్లేదు.

పైన "ఆడజింకలు" అని ఊరికే అనలేదు. పెద్ద కొమ్ముల మగజింకను చాలామంది యజమానులు తమ పిల్లల కోసమో అల్లుడి కోసమో ఉంచుకుంటారు. జింకల సంఖ్య తగ్గాలంటే ఆడవాటినే తగ్గించాలి, పంట నష్టపోతున్న రైతుకు అది తెలుసు. అంతకంటే తేలికైన ద్వారాలు కూడా ఉన్నాయి: పందులు, కయోటీలు (నక్కల్లాంటి జంతువులు), బాతులు, డీర్ సీజన్ అయిపోయాక కుందేళ్ళు, ఉడుతలు. వీటికి ఒప్పుకోవడం యజమానికి బరువు కాదు. ఒక ఏడాది మీ నడవడిక చూశాక జింక మాట ఆయనే ఎత్తుతారు. తొందరపడి మొదటి రోజే అన్నీ అడిగేవాళ్ళు ఇక్కడే పోగొట్టుకుంటారు.

దూరంగా ఉండే యజమానికి ఉత్తరం రాయండి, చేత్తో రాస్తే ఇంకా మంచిది. ఒక్క పేజీ దాటొద్దు. మీరెవరు, ఏ రోడ్డు మీద ఏ భూమి గురించి అడుగుతున్నారు, ఎలా వేటాడతారు, బదులుగా ఏం చెయ్యగలరు, అంతే. అక్కడ లేని మనిషికి మీరు ఇవ్వగలిగిన గొప్ప సాయం కన్నేసి ఉంచడం. కంచె తెగిందా, చెత్త పడేశారా, ఎవరైనా దొంగతనంగా జొరబడుతున్నారా, ఫొటో తీసి పంపుతానని రాయండి. జవాబు కోసం తపాలా బిళ్ళ అంటించిన కవరు లోపల పెట్టండి.

బదులుగా పని చేస్తానని చెబితే చెయ్యగలిగేదే చెప్పండి. కంచె బాగు చెయ్యడం, గడ్డి మోపులు ఎత్తడం, పడిన చెట్టు కొయ్యడం రాకపోతే పర్వాలేదు. ఇంట్లో కంప్యూటరు, వై-ఫై సరిచెయ్యడం మనకు చేతనవును, వయసైన జంటకు అది నిజమైన సాయం.

ఒప్పుకుంటే ఏమేం తేల్చుకోవాలి

"సరే, రా" అన్న మాటతో ఎగిరి గంతేసి వెళ్ళిపోకండి. ఒహాయోలో రాతపూర్వక అనుమతి లేకుండా ప్రైవేటు భూమిలో వేటాడటం చట్టవిరుద్ధం. ఇతర రాష్ట్రాల్లో నోటిమాట చెల్లినా కాగితం ఉండటమే మేలు, గేమ్ వార్డెన్ అడిగినప్పుడు చూపించొచ్చు. చాలా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు అనుమతి కార్డు నమూనాలు ఇస్తాయి. అందులో ఇద్దరి పేర్లు, ఫోన్లు, భూమి ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ జంతువు, ఏ ఆయుధం, యజమాని సంతకం ఉంటే చాలు.

కాగితంలో పట్టని సంగతులు మ్యాపు ముందు పెట్టుకుని అడగండి. హద్దులు ఎక్కడ? యాప్ గీత కొన్ని గజాలు అటూ ఇటూ ఉండొచ్చు, కంచె కూడా అసలు హద్దు మీద లేకపోవచ్చు, ఆయన వేలు పెట్టి చూపించిందే నమ్మండి. ఇంకెవరెవరు వేటాడతారు, ఏ రోజుల్లో? పక్క ఇళ్ళు ఏ వైపు ఉన్నాయి? బండి ఎక్కడ ఆపాలి? వెళ్ళే ముందు ప్రతిసారీ మెసేజ్ పెట్టాలా? పేగులు, వ్యర్థాలు ఎక్కడ వెయ్యాలి? మేత గింజలు చల్లొచ్చా? (ఇది కొన్ని రాష్ట్రాల్లో నేరం, ముందు చట్టం చూసుకోండి.) కెమెరాలు కట్టొచ్చా? ట్రీ స్టాండ్ (చెట్టుకు బిగించి, ఎక్కి కూర్చునే మంచె) పెట్టొచ్చా?

ట్రీ స్టాండ్ గురించి ఒక మాట. చెట్టుకు మేకులు, మర మెట్లు దిగ్గొట్టే రకం ఎప్పుడూ వాడకండి. ఓక్, వాల్‌నట్ చెట్లు రైతుకు బ్యాంకు డిపాజిట్టుతో సమానం. కలపలో మేకు ఉంటే రంపపు మిల్లు దాన్ని తీసుకోదు. పట్టీలతో కట్టే స్టాండు తెచ్చి, సీజన్ అయ్యాక విప్పి తీసుకెళ్ళండి.

గాయపడిన జింక పక్క పొలంలోకి పరుగెత్తితే ఏం చెయ్యాలో కూడా అప్పుడే అడిగి ఉంచుకోండి. ఈయన ఇచ్చిన అనుమతి అక్కడ పనికిరాదు. చాలా రాష్ట్రాల్లో ఆ యజమానిని అడిగే కంచె దాటాలి. పక్కవాళ్ళ ఫోన్ నంబర్లు ఈయన దగ్గరే ఉంటాయి. వీలైతే సీజన్‌కు ముందే వాళ్ళనూ ఒకసారి పలకరించి రండి. టెక్సాస్‌లో అయితే పేల్చిన తూటా హద్దు దాటి పక్క భూమిలోకి పోవడమే నేరం, ఆ యజమాని రాసిచ్చిన అనుమతి ఉంటే తప్ప.

కాదంటే

చాలామంది కాదంటారు. ఎందుకని అడగకండి, బతిమాలకండి. "సరేనండి, సమయం ఇచ్చినందుకు థాంక్స్" అని చెప్పి, "ఈ చుట్టుపక్కల పందుల బాధ ఉన్నవాళ్ళెవరైనా తెలుసా?" అని ఒక్క ప్రశ్న అడగండి. కాదన్న మనిషే పక్కింటి పేరు చెప్పడం మామూలే. ఆ సిఫారసుతో వెళ్తే మీరు కొత్త మనిషి కారు. కార్డు మాత్రం ఇచ్చి రండి. వచ్చే ఏడాది మళ్ళీ ఒకసారి పలకరించొచ్చు. రెండోసారి కూడా కాదంటే అక్కడితో వదిలెయ్యండి.

అడగడానికి మొహమాటం అయితే, లేదా అడిగి అడిగి అలిసిపోతే, ప్రభుత్వం మధ్యవర్తిగా ఉన్న దారి ఉంది. యజమానులకు రాష్ట్రం డబ్బో సాయమో ఇచ్చి వాళ్ళ భూమిని వేటగాళ్ళకు తెరిపిస్తుంది. మిషిగన్‌లో ఇలాంటిది 1977 నుంచి నడుస్తోంది, కాన్సస్‌లో వాక్-ఇన్ పథకం 1995లో మొదలైంది, మోంటానాలో బ్లాక్ మేనేజ్‌మెంట్ అంటారు. నియమాలు పాటిస్తే చాలు, చాలా చోట్ల తలుపు తట్టనక్కర్లేదు.

డబ్బిచ్చి కౌలుకు తీసుకునే హంటింగ్ లీజు వేరే సంగతి. టెక్సాస్‌లో ఇదే ఎక్కువ వాడుక. నలుగురైదుగురు కలిసి తీసుకుంటే భారం తగ్గుతుంది. రాత ఒప్పందం లేకుండా పైకం ఇవ్వకండి. ఎన్ని తుపాకులు, ఎన్ని జంతువులు, అతిథులు రావొచ్చా, మధ్యలో భూమి అమ్మితే డబ్బు వెనక్కిస్తారా, ఇవన్నీ అందులో ఉండాలి. లీజు ఇస్తే బాధ్యత బీమా తీసుకోమని చాలామంది యజమానులు అడుగుతారు, అది న్యాయమైన కోరికే.

అనుమతిని నిలుపుకోవడం

గేటు ఎలా ఉందో అలాగే వదలండి. తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే. తెరిచి ఉన్న గేటును మంచి చేద్దామని మూసేస్తే మందకు నీళ్ళ దారి మూసినట్టు అవుతుంది. కంచె దాటేటప్పుడు ముందు తుపాకీ ఖాళీ చేసి, తీగ మధ్యలో కాకుండా స్తంభం పక్కన దాటండి. నేల తడిగా ఉంటే చక్రం లోపలికి దించకండి. ఖాళీ తూటా గుల్లలు, నీళ్ళ సీసాలు, మీవి కానివైనా ఏరుకురండి.

మీకిచ్చిన అనుమతి మీకే. ఇండియా నుంచి వచ్చిన బావమరిదిని "చూడటానికి" తీసుకెళ్ళాలన్నా ముందు అడగండి. జింకతో దిగిన ఫొటో పెట్టుకోండి గానీ ఊరి పేరు, రోడ్డు పేరు, గుర్తుపట్టే కొట్టం కనిపించనివ్వకండి. అది చూసి ఇంకో పదిమంది ఆయన తలుపు తడితే మీ అనుమతి ఆ రోజుతో సరి. కంచె విరిగినా, ఆవు జబ్బుగా కనిపించినా వెంటనే ఫోన్ చెయ్యండి. మీ వల్ల ఏదైనా పాడైతే ఇంకెవరో చెప్పేలోపు మీరే చెప్పి, బాగు చేయించండి.

వేట ఫలిస్తే మాంసంలో వాటా ఇవ్వండి, శుభ్రంగా కోసి, ప్యాక్ చేసి, తేదీ రాసి. వాళ్ళకు జింక మాంసం ఇష్టమో లేదో ముందు అడగండి. ఫలించకపోయినా సీజన్ చివర ఒకసారి వెళ్ళి కనిపించండి. క్రిస్మస్‌కు కార్డు, ఒక స్వీట్ల డబ్బా. ఎండాకాలంలో గడ్డి మోపులు ఎత్తేటప్పుడు ఒక శనివారం. వేట లేని నెలల్లో మీరు కనిపించారా లేదా అన్నదాన్నే వాళ్ళు ఎక్కువగా గుర్తు పెట్టుకుంటారు.

అనుమతి ఏటా కొత్తగా అడగాలి. పోయినేడు ఇచ్చారు కదా అని ఈ ఏడు నేరుగా వెళ్ళకండి. కాగితం మీద తేదీ మార్చి మళ్ళీ సంతకం తీసుకోండి. పెద్దాయన పోయి భూమి పిల్లల పేరున మారితే పాత కాగితం చెల్లదు. ముందు పరామర్శకు వెళ్ళండి. వేట మాట అప్పుడు ఎత్తవద్దు. కొన్నాళ్ళు ఆగి, భూమి వ్యవహారాలు ఇప్పుడు ఎవరు చూస్తున్నారో కనుక్కుని, వాళ్ళకు మీ కార్డు ఇచ్చి మొదటిసారి అడిగినట్టే అడగండి.